చలికాలం రాని ఊళ్లో మూడేళ్లు

“అక్కడ హాయిగా ఉందా అమ్మాయ్?” అని అమ్మ ఫోనులో అడిగిన ప్రతిసారీ నా జవాబు మారుతూ వచ్చింది. మా ఆయన ఉద్యోగం కోసం 2022 జూన్‌లో సింగపూర్ వచ్చాం. మొదటి వారంలో “లేదమ్మా, ఊపిరాడటం లేదు” అన్నాను. మూడో నెలలో “ఒళ్లు కుదుటపడింది, ఇల్లే ఇంకా కుదుటపడలేదు” అన్నాను. ఏడాది దాటాక “బాగానే ఉంది కానీ, రోజులు ఎటు పోతున్నాయో తెలియడం లేదు” అన్నాను. అమ్మ ఊరికే అడగడం లేదని నాకు తెలుసు. చలి మొదలైతే ఆమెకు మోకాళ్లు పట్టేస్తాయి. ఆ రెండు మూడు నెలలు నా దగ్గరకు వచ్చి ఉండవచ్చా అన్నదే ఆమె అడగని ప్రశ్న. అందుకే తొందరపడి ఔననీ అనలేకపోయాను, కాదనీ అనలేకపోయాను.

రాకముందు అంకెలన్నీ చదివాను. భూమధ్యరేఖకు సుమారు 137 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న ద్వీపం ఇది. పగలు 31 నుంచి 33 డిగ్రీలు, రాత్రి 24, 25. ఏడాదిలో అన్నిటికన్నా వేడి నెలకూ చల్లని నెలకూ సగటులో తేడా రెండు డిగ్రీల లోపే. ఇక్కడ ఎన్నడూ లేనంత చలి అని రికార్డుల్లోకి ఎక్కింది 1989 ఫిబ్రవరిలో, అదీ 19 డిగ్రీలు. కోపెన్ అనే వాతావరణ శాస్త్రవేత్త వేసిన వర్గీకరణలో ఏడాదిలోని అతి చల్లని నెల సగటు కూడా 18 డిగ్రీలకు తగ్గని చోటును ఉష్ణమండలం అంటారు. సింగపూర్‌కు ఆ గీత చాలా కిందనే ఉండిపోయింది. ఇవన్నీ చదివి, నలభై దాటిన ఎండలు చూసిన ఒంటికి 33 డిగ్రీలు ఒక లెక్కా అనుకున్నాను. అక్కడే పొరబడ్డాను. నేను చూసింది ఎండ, ఇక్కడ ఉన్నది ఉక్క.

పొడి ఎండలో చెమట పట్టిన సంగతి కూడా సరిగా తెలియదు. పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఇక్కడ తెల్లవారుజామున గాలిలో తేమ తొంభై శాతం పైనే ఉంటుంది, మధ్యాహ్నం అరవైకి దిగితే గొప్ప. చెమట పడుతుంది కానీ పోవడానికి దారి లేదు. మెడ వెనక, మోకాలి మడతలో, చేతి గడియారం కింద అలాగే నిలిచిపోతుంది. వచ్చిన నాలుగో రోజున బజారు నుంచి నడిచి వస్తూ ఇంటికి రెండు వందల అడుగుల దూరంలో ఒక బెంచీ మీద కూలబడ్డాను. ఎండ కూడా లేదు, ఆకాశం మబ్బు పట్టి ఉంది. గుండె మాత్రం మెట్లెక్కినట్టు కొట్టుకుంటోంది. ఇక చేసేది లేక ఇంటికి వచ్చి ఏసీ గదిలో తలుపు వేసుకున్నాను. ఆ తరువాత పది రోజులు దాదాపు అలాగే గడిపాను. మెడ మీద చెమటకాయలు లేచాయి. మొదటి నెల బిల్లు చూస్తే కరెంటుకే 190 డాలర్లు.

నన్ను బయటకు లాగింది పక్కింటి ఆంటీ. డెబ్బై దాటిన మనిషి, ఇక్కడే పుట్టి పెరిగింది. లిఫ్టు దగ్గర నా ముఖం చూసి, “ఏసీలో దాక్కుంటే నీ ఒంటికి ఎప్పటికీ అలవాటు కాదు. రోజూ సాయంత్రం నాతో నడువు, ముప్పావు గంట చాలు” అంది. “కళ్లు తిరుగుతాయేమో ఆంటీ” అన్నాను. “తిరిగితే కూర్చుందాం. అడుగడుగునా బెంచీలు ఉన్నాయి కదా” అంది.

ఆమె అనుభవంతో చెప్పిన మాట శరీరశాస్త్రం చెప్పేది కూడా. రోజూ కాసేపు వేడిలో కదిలితే ఒకటి రెండు వారాల్లో ఒళ్లు తనను తాను మార్చుకుంటుంది. రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది. చెమట ముందుగానే మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. గుండె మునుపటంత వేగంగా కొట్టుకోనక్కరలేదు. చల్లని గదిలో కూర్చుంటే ఇదేదీ జరగదు. నాకు పన్నెండో రోజో పదమూడో రోజో తెలిసింది. నడక పూర్తయింది, ఆంటీ ఏదో చెబుతోంది, నేను వింటున్నాను. అంతకుముందు నడుస్తున్నంతసేపూ నా ఊపిరి సంగతి తప్ప మరొకటి తలకెక్కేది కాదు. పెదవి మీది చెమట నాలుకకు తగిలితే, మొదటి రోజుల్లోలా ఉప్పగా అనిపించలేదు. అది నిజంగా తగ్గిన ఉప్పో, నా భ్రమో కానీ, ఆ రోజు నుంచి నాకు భయం పోయింది.

ఆ నడకల్లో ఆంటీ నాకు ఊరిని నీడల లెక్కన నేర్పింది. ఏ బ్లాకు కింద నుంచి వెళితే గాలి తగులుతుంది, ఏ దారికి పైకప్పు ఉంది, ఏ చెట్టు కింద మధ్యాహ్నం కూడా ఆగవచ్చు. ఇక్కడి ప్రభుత్వ గృహ సముదాయాల్లో నేల అంతస్తును గోడలు లేకుండా ఖాళీగా వదిలేస్తారు, వాయిడ్ డెక్ అంటారు. రెండు బ్లాకుల మధ్య గాలి ఇరుకున పడి అక్కడ ఎప్పుడూ ఈల వేస్తున్నట్టు వీస్తుంది. పాత వీధుల్లోనైతే దుకాణాల ముందు ఐదడుగుల వెడల్పున కప్పు ఉన్న నడవా ఆ చివర నుంచి ఈ చివర దాకా సాగుతుంది. 1822లో బ్రిటిష్ అధికారి రాఫెల్స్ నగరానికి ప్రణాళిక వేయించినప్పుడే ప్రతి ఇంటికీ అలాంటి నడవా ఉండాలని నియమం పెట్టాడు. ఎండకూ వానకూ ఒకే మందు. రెండు వందల ఏళ్ల కిందటి ఆ నియమం కింద నడుస్తూ వానలో తడవకుండా ఇంటికి చేరిన రోజులు నాకు చాలానే ఉన్నాయి.

ఏసీని నేను తక్కువ చేయడం లేదు. సింగపూర్ తొలి ప్రధాని లీ క్వాన్ యూ తాను పదవిలోకి వచ్చాక మొదట చేసిన పనుల్లో ప్రభుత్వోద్యోగులు పనిచేసే భవనాలకు ఏసీలు పెట్టించడం ఒకటని చెప్పుకున్నాడు. అది లేకపోతే తెల్లవారుజామునా పొద్దుపోయాకా తప్ప పని సాగదని ఆయన వాదన. కూర్చుని తలతో పనిచేసేవారికి అది నిజమే. ఇంట్లో మాత్రం ఆ ఏసీ నాకు ఇంకో పాఠం నేర్పింది.

వచ్చిన మూడో నెలలో ఒక పెళ్లి విందుకు వెళ్లాలి. రెండో గదిలోని బీరువా అడుగు అరలో అట్టపెట్టెలో పెట్టిన నా మంచి చెప్పుల జత తీశాను. రెండుసార్లకు మించి తొడగలేదు. పైనంతా కొత్తగానే ఉంది. తొడుక్కుని నాలుగు అడుగులు వేసేసరికి కాలి కింద ఏదో నలిగినట్టయింది. వెనక్కి తిరిగి చూస్తే నేల మీద నల్లటి ముక్కలు వరసగా పడి ఉన్నాయి. చెప్పు తిరగేసి బొటనవేలితో అడుగును నొక్కాను. మాగిన కేకు ముక్కలా లోపలికి దిగిపోయి, పొడై, వేలికి జిడ్డుగా అంటుకుంది. అలాంటి మెత్తని అడుగులు పాలీయురేథేన్‌తో చేస్తారు. గాలిలోని తేమ ఆ పదార్థపు బంధాలను ఒక్కొక్కటిగా తెంపేస్తుందట. రోజూ వాడేవాటికన్నా పెట్టెలో దాచినవాటికే ఈ ముప్పు ఎక్కువ అని తరువాత తెలిసింది. దాచుకున్నది చెడదు అని పుట్టినప్పటి నుంచీ నమ్మిన నాకు అది మింగుడు పడలేదు.

అప్పుడు బీరువా అంతా దులిపాను. తోలు సంచి మీద బూడిద రంగు బూజు, తాకితే మెత్తగా, పిల్లి బొచ్చులా. మా ఆయన కెమెరా కటకాన్ని వెలుగుకు పట్టి చూస్తే లోపల సాలెగూడు పోగుల్లా తెల్లటి శిలీంధ్రం అల్లుకుంది. బట్టలన్నీ ముక్కిపోయిన వాసన. ఎండలో వేద్దామంటే బయట ఎండలో కూడా తేమే.

దీనికి కారణం కనుక్కోవడానికి వారం పట్టింది. ఆ బీరువా మా పడకగది గోడకు ఆనించి ఉంది. పడకగదిలో నేను ఏసీని రాత్రంతా 20 డిగ్రీల మీద నడుపుతున్నాను. గోడ అవతలి వైపు కూడా చల్లబడుతోంది. తేమ నిండిన గాలి ఆ చల్లని గోడను తాకగానే, మంచినీళ్ల గ్లాసు మీద చెమర్చినట్టు, బీరువా వెనక నీరు పడుతోంది. వేడికి భయపడి నేను చేసిన పనే నా సామాను పాడు చేసింది. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరిపించాం. ఏసీని 26 మీదకు తెచ్చి, పైన ఫ్యాను తిప్పడం మొదలుపెట్టాం. పడుకునే ముందు గది చల్లబడ్డాక ఏసీ ఆపేసి కిటికీలు తీయడం నేర్చుకున్నాం. కెమెరాకు తేమను పీల్చే చిన్న పెట్టె కొన్నాం, అందులో తేమ 45 శాతం దగ్గర నిలుస్తుంది. తోలు వస్తువులను దాచడం మానేసి వాడటం మొదలుపెట్టాను. బిల్లు తొంభై డాలర్ల దగ్గరకు దిగింది. ఈ ఊరికి కొత్తగా వచ్చేవారికి నేను చెప్పే మొదటి మాట ఇదే: బీరువాను గోడకు ఆనించకండి.

దోమల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చలికాలం లేదంటే దోమకూ చలికాలం లేదనే అర్థం. మేము వచ్చిన ఏడాదే డెంగీ విజృంభించింది. 2022లో ఈ చిన్న దేశంలో 32 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. మా వీధిలో ఎర్ర రంగు హెచ్చరిక బ్యానరు కట్టారు. చుట్టుపక్కల పది, అంతకు మించి కేసులు ఉన్నాయని దానర్థం. పూలకుండీ కింది పళ్లెంలో నీరు నిలిచినా ఇంటివారికి జరిమానా పడుతుంది. తనిఖీకి వచ్చినవారు టార్చిలైటు వేసి మా స్నానాల గది మూలలు కూడా చూసి వెళ్లారు. ఆ శ్రద్ధ చూసి నాకు ధైర్యం కలిగింది. కుండీ పళ్లేలను మాత్రం ఆ రోజే తీసేశాను.

ఒళ్లు రెండు వారాల్లో అలవాటు పడింది, ఇల్లు ఆరు నెలల్లో. మనసుకు పట్టినంత కాలం దేనికీ పట్టలేదు. దాని గురించి నన్ను ముందుగా ఎవరూ హెచ్చరించలేదు.

ఒకరోజు ఫోనులో పాత ఫొటోలు చూస్తున్నాను. పార్కులో మేమిద్దరం. నవంబరా, ఏప్రిలా? అవే నూలు బట్టలు, అదే పచ్చదనం, అదే వెలుతురు. తారీఖు చూస్తే తప్ప తెలియలేదు. ఋతువులున్న చోట జ్ఞాపకానికి వాటంతట అవే కొక్కేలు ఉంటాయి. ఆ చలికాలంలో కదా వాళ్లు వచ్చింది, మామిడి పూత మీద కదా ఆ కబురు తెలిసింది అనుకుంటాం. ఇక్కడ ఆ కొక్కేలు లేవు. పొద్దు కూడా సహాయం చేయదు. ఏడాది పొడుగునా సూర్యుడు ఉదయం ఏడు ప్రాంతంలో లేస్తాడు, సాయంత్రం ఏడు ప్రాంతంలో దిగుతాడు. పగటి పొడవులో తేడా పది నిమిషాలకు మించదు. సంధ్య కూడా గబగబా ముగిసిపోతుంది. మొదటి ఏడాది చివర్లో నాకు ఒక రకమైన దిగులు పట్టుకుంది. అంతా హాయిగానే ఉంది, కానీ ఎదురుచూడటానికి ఏమీ లేదు. ఎండాకాలం కష్టమే, అయినా తొలకరి కోసం ఆకాశం వంక చూడటంలో ఒక ఆశ ఉంటుంది. ఆ ఆశ ఇక్కడ ఎక్కడ దొరుకుతుందో తెలియలేదు.

2023 మే నెల నన్ను కదిలించింది. ఆ నెల 13న ఇక్కడి అంగ్ మో కియో అనే పేటలో 37 డిగ్రీలు నమోదైంది. 1983 ఏప్రిల్ నాటి రికార్డును నలభై ఏళ్ల తరువాత అందుకుంది. ఇక్కడ 37 అంటే ఎలా ఉంటుందో అనుభవిస్తే తప్ప తెలియదు. గాలి నిలబడిపోయింది. రాత్రి పది దాటినా గోడలు వెచ్చగా తగిలాయి. అప్పుడు ఆంటీ, “మే ఎప్పుడూ ఇంతే. డిసెంబరు గాలి అయితే మరోలా ఉంటుంది” అంది. నెలల మధ్య తేడా లేదని అనుకుంటున్న నేను ఉలిక్కిపడ్డాను. తేడా ఉంది. దాన్ని చూసే కన్ను నాకు లేదు.

ఆ రోజు నుంచి ఒక నోటు పుస్తకం పెట్టాను. రెండేళ్లు రాశాను. డిసెంబరు, జనవరి నెలల్లో ఈశాన్య ఋతుపవనం రెండు మూడు రోజులు ఆగకుండా వాన కురిపిస్తుంది. అలాంటి రోజుల్లో పగలంతా ఇరవై నాలుగు డిగ్రీల దగ్గరే ఉంటుంది, ఇక్కడివారు చొక్కా మీద చొక్కా వేస్తారు. ఫిబ్రవరిలో గాలి పెరుగుతుంది, గడ్డి ఎండుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలి ఆగిపోయి మధ్యాహ్నాలు ఉరుములు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొన్ని తెల్లవారుజాముల్లో సుమత్రా వైపు నుంచి గాలివాన వరస కట్టి వస్తుంది. నిద్రలో కిటికీ రెక్క కొట్టుకుంటుంది, పొడవాటి వెదురు గడలకు ఆరేసిన బట్టలను పది అంతస్తుల వారూ ఒకేసారి లోపలికి లాక్కుంటారు. వీధి అవతల నుంచి ఆ గడల చప్పుడు వినడం నాకు చాలా ఇష్టం. ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వాన, అందులో ఏ రెండు వానలకూ ఒకే గొంతు లేదు.

సూర్యుడు కూడా మారతాడు. మా బాల్కనీ ఉత్తరం వైపు. జూన్‌లో ఎండ లోపలికి వచ్చి నేల మీద మూరెడు దూరం పరుచుకుంటుంది, డిసెంబరులో ఆ గడపనే తాకదు. మార్చి మూడో వారం దాటాకా, మళ్లీ సెప్టెంబరు మూడో వారంలోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. గడియారం మాత్రం ఒంటిగంట చూపిస్తుంది, ఇక్కడి కాలం సూర్యుడికన్నా గంట ముందు నడుస్తుంది కాబట్టి. ఆ రోజు దీపస్తంభానికి నీడ ఉండదు. నేను కిందకు దిగి చూశాను. నా నీడ నా పాదాల కిందే ముడుచుకుని ఉంది.

ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా ప్రియమైన పేజీలు పిజన్ ఆర్కిడ్‌వి. అది నిద్రగన్నేరు చెట్ల కొమ్మల మీద పెరిగే ఒక చిన్న మొక్క, మామూలుగా చూస్తే గడ్డిపరకల గుత్తిలా ఉంటుంది. మొగ్గలు తొడిగి అలాగే ఆగిపోతుంది. పెద్ద వాన కురిసి గాలి ఒక్కసారిగా అయిదారు డిగ్రీలు చల్లబడినప్పుడు ఆ మొగ్గలకు కబురు అందుతుంది. సరిగ్గా తొమ్మిదో రోజు ఉదయం ఆ చుట్టుపక్కల ఉన్న మొక్కలన్నీ ఒకేసారి పూస్తాయి. సాయంత్రానికి వాడిపోతాయి. ఈ సంగతి కూడా ఆంటీ చెప్పిందే. నేను నమ్మకుండా లెక్కపెట్టాను. మొదటిసారి ఎనిమిదో రోజున వెళ్లి ఖాళీ కొమ్మలు చూసి వచ్చాను. మరునాడు పొద్దున బస్ స్టాప్ దగ్గరి చెట్టు కొమ్మ పొడవునా తెల్లగా ఉంది, రెక్కల మధ్య పసుపు చారతో. కింద నిలబడితే తియ్యని వాసన. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది, నేను అక్కడే ఉన్నాను. ఎదురుచూడటానికి నాకు ఒకటి దొరికింది.

కిందటి డిసెంబరులో అమ్మను రమ్మన్నాను. ముందుగా అన్నీ చెప్పాను: మొదటి రెండు వారాలు నీరసంగా ఉంటుంది, తగ్గిపోతుంది. రోజూ సాయంత్రం నడవాలి. బస్సుల్లో, లైబ్రరీలో ఏసీ చలి ఎముకలు కొరుకుతుంది, శాలువా దగ్గర పెట్టుకోవాలి. ఆమె వచ్చింది. మోకాళ్లు మూడో వారానికి సడలాయి, మెట్ల రెయిలింగు పట్టుకోకుండా దిగింది. రాత్రిళ్లు ఉక్కకు రెండుసార్లు లేచి కూర్చునేది, దానికి మాత్రం ఫ్యాను తప్ప నా దగ్గర మందు లేదు. ఉతికిన చీర రెండు రోజులైనా ఆరడం లేదని బెంగపడింది. ఆంటీకీ ఆమెకూ ఉమ్మడి భాష నాలుగు మాటలే, అయినా సాయంత్రాలు ఇద్దరూ వాయిడ్ డెక్‌లో గాలికి ఎదురుగా కూర్చునేవారు.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఆకాశం విరుచుకుపడింది. కిటికీలోంచి వచ్చిన గాలికి అమ్మ శాలువా కప్పుకుంది. నేను గోడ మీది క్యాలెండరులో తొమ్మిదో గడి దగ్గర చుక్క పెట్టాను. ఆ రోజు తెల్లవారగానే ఇద్దరం కిందకు దిగాం. చెట్టు తెల్లగా విరగబూసి ఉంది.

అమ్మ చాలాసేపు తల ఎత్తి చూసింది. “సాయంత్రానికి ఉండవా?” అంది.

“ఉండవమ్మా.”

“మళ్లీ ఎప్పుడు?”

“ఇంత వాన మళ్లీ పడిన తొమ్మిదో రోజున.”

ఆమె తన తిరుగు ప్రయాణం తేదీకి ఇంకా ఎన్ని రోజులుందో వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ఆకాశం వంక చూసింది.